స్టీరింగు మూలుగుతోందా? ముందు డబ్బా మూత తీసి చూడండి

కృష్ణా డెల్టాలో కాలవలకు నీళ్ళు వదిలిన మొదటి పది రోజులు ఎలా గడుస్తాయో అక్కడి రైతులకు మేము చెప్పనక్కర్లేదు. ఊరంతా ఒక్కసారే దమ్ముకు దిగుతుంది. తెల్లవారుజామున మొదలైన ట్రాక్టర్లు రాత్రి లైట్లు వేసుకుని కూడా చేలల్లోనే వుంటాయి. సొంత బండి వున్నవాడు తన చేను ముగించుకుని, నలుగురికి కిరాయికి తోలి, బ్యాంకు కిస్తీకో ఎరువుల కొట్టు బాకీకో నాలుగు డబ్బులు వెనకేసుకునేది ఆ పది రోజుల్లోనే.

సరిగ్గా ఆ రోజుల్లో, దివిసీమలో అవనిగడ్డకు దగ్గర ఒక ఊళ్ళో, ఒక కౌలు రైతు ట్రాక్టరు చేలో అడ్డంగా నిలబడిపోవటం మేము చూశాం. ఇంజను బ్రహ్మాండంగా నడుస్తోంది. గేర్లు పడుతున్నాయి. స్టీరింగు మాత్రం కదలదు. ఇద్దరు మనుషులు పట్టి లాగితే జానెడు తిరిగి మళ్ళీ బిగుసుకుపోతోంది. గట్టుమీద నిలబడి చూస్తున్న రైతు ముఖాన నెత్తుటి చుక్క లేదు. అయిదెకరాల కౌలు చేను, దానిమీద యిరవై ఎకరాల కిరాయి ఒప్పుకుని వున్నాడు.

"రెండు నెల్ల నించీ మూలుగుతానే వుందండీ," అన్నాడు. "మూలమలుపులో తిప్పినప్పుడు గుర్రుమంటది. పొద్దున్నే మరీ ఎక్కువ. డబ్బాలో తగ్గినప్పుడల్లా పోస్తానే వున్నా, వూరకే వుండలా."

ఏ ఆయిలు పోశావు అని అడిగాం. ఒకసారి ఎర్ర ఆయిలు పోశాడు. ఒకసారి మోటారు సైకిల్లో పోయగా మిగిలింది పోశాడు. మరోసారి కొట్లో పీపాలోంచి లూజుగా కొలిచి అమ్మేది తెచ్చి పోశాడు. కంపెనీ షెడ్డుకు ఫోను చేస్తే, బండిని చూడకుండానే, పంపూ, స్టీరింగు కింద వుండే యూనిట్టూ రెండూ మార్చాల్సి వుంటుందనీ, సామాను రావటానికి వారం పైన పడుతుందనీ చెప్పారు.

ఆ ఊరివాళ్ళు నలభై ఏళ్ళుగా ట్రాక్టర్లు విప్పి బిగించిన ఒక ముసలి మేస్త్రిని పిలిపించారు. ఆయన వచ్చి బానెట్టు ఎత్తి, స్టీరింగు ఆయిలు డబ్బా మూత తీసి, వేలు ముంచి, ఆ వేలును తన తెల్ల తువ్వాలుకు రాశాడు. పాలు ఎక్కువైన కాఫీ రంగు మరక పడింది. తర్వాత డబ్బా అడుగున వున్న ఫిల్టరును పైకి తీశాడు. అది మడ్డితో పూడుకుపోయి వుంది.

"ఒరే అబ్బాయ్, దీంట్లో ఆయిలు ఎన్నడన్నా మార్చావా?"

"పోస్తానే వున్నా గదా బాబాయ్."

"పోసింది సరే. మార్చావా అంటన్నా."

మా తిరుగుడులో యీ ప్రశ్నకు "మార్చాను" అని జవాబు చెప్పిన రైతులు మాకు బహు కొద్దిమందే తగిలారు. ఇంజను ఆయిలు అందరూ మారుస్తారు. గేరు ఆయిలు గురించి కనీసం ఆలోచిస్తారు. స్టీరింగు ఆయిలు మాత్రం తగ్గితే పోసేదే తప్ప తీసి పారబోసేది కాదని చాలామంది నమ్మకం. ఈ ఒక్క పొరపాటుకు మూల్యం ఒక పంపు. అంతకంటే ఎక్కువ, ఒక అదును. ఆ పని ఎవరి పెరట్లో వారు, యిద్దరు మనుషులు, ఒక పూటలో చేసుకోగలిగినదే గనుక దాన్ని గురించి కాస్త వివరంగా రాయదలచాం.

లోపల జరిగేదేమిటి

పవర్ స్టీరింగు అంటే ఏదో కరెంటుతో నడిచే వస్తువు అనుకునేవారున్నారు. ట్రాక్టర్లలో అది ఆయిలు ఒత్తిడితో నడుస్తుంది. ఇంజను తిప్పే చిన్న పంపు ఒకటి డబ్బాలోంచి ఆయిలు లాగి, స్టీరింగు కడ్డీ అడుగున వున్న యూనిట్టుకు తోస్తుంది. మెకానిక్కులు దాన్ని ఆర్బిట్రాల్ అంటారు. మనం స్టీరింగు కుడికి తిప్పితే ఆ యూనిట్టు ముందు యిరుసు మీద వున్న సిలిండరుకు ఒకవైపు నుంచి ఆయిలు పంపుతుంది. ఎడమకు తిప్పితే రెండోవైపు నుంచి. పని చేసిన ఆయిలు తిరుగు గొట్టం గుండా డబ్బాకు వచ్చేస్తుంది. మళ్ళీ అదే ఆయిలు, మళ్ళీ అదే ప్రయాణం.

ఇందులో ఒక సంగతి ప్రతి డ్రైవరూ గుర్తు పెట్టుకోవాలి. ఈ రకం బండ్లలో స్టీరింగు చక్రానికీ, ముందు చక్రాలకూ మధ్య యినుప కడ్డీ సంబంధం ఏమీ లేదు. వున్నదల్లా ఆయిలే. ఇంజను ఆగిపోతే బరువుగానైనా తిరుగుతుంది, ఎందుకంటే ఆ యూనిట్టే చేతిపంపులాగా పని చేస్తుంది. గొట్టం పగిలి ఆయిలంతా కారిపోతే మాత్రం చేతిలోని చక్రం వుత్తుత్తినే తిరుగుతుంది, బండి తన దారిన తాను పోతుంది. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలో కూలీలను ఎక్కించుకుపోతున్న ట్రాక్టరు మూసీ కాలవలో పడి 15 మంది చనిపోయారు, అత్యధికులు ఆడకూలీలు. దానికి కారణం స్టీరింగు అని మేము అనటం లేదు. కాలవ గట్టుమీద ట్రాక్టరు అదుపు తప్పటమంటే ఏమిటో గుర్తు చేస్తున్నాం, అంతే. పగుళ్ళు బారిన గొట్టాన్ని "ఈ కారు గడవనీ" అని వదిలేసేవారికి యిది చెప్పక తప్పదు.

ఆయిలు ఎందుకు చెడిపోతుంది? వేడికి కొంత చెడుతుంది. గొట్టాల లోపలి రబ్బరు అరిగి నల్లగా కలుస్తుంది. మన డెల్టా బండ్లకు మరో ముప్పు దమ్ము. గంటల తరబడి బురద నీళ్ళలో తిరిగేటప్పుడు సిలిండరు కడ్డీ దగ్గర సీలు అరిగివుంటే అక్కడ నుంచీ, డబ్బా మూత సరిగా పట్టకపోతే అక్కడ నుంచీ నీరు చేరుతుంది. ఆయిలు పాలలాగా తెల్లబడిందంటే నీళ్ళు కలిసినట్లు. కాలిన వాసన వేస్తే వేడెక్కి మాడినట్లు. వేలికి రాసి ఎండలో చూస్తే వెండి రజనులాగా మెరిసిందా, లోపల పంపే అరిగిపోతున్నది. యిక ఆయిలు మార్చినంత మాత్రాన సరిపోదు. ఇంకొకటి కూడా మేస్త్రి చెప్పాడు. బయట ఎక్కడా చుక్క కారకుండా డబ్బాలో తగ్గిపోతూ, అటు ఇంజను ఆయిలు కొలపుల్ల మీద మట్టం పెరుగుతూ వుంటే, పంపు సీలు పోయి స్టీరింగు ఆయిలు ఇంజనులోకి దిగుతున్నట్లు అనుమానించాలి.

ముందు తెలుసుకోవలసింది

మీ బండిలో స్టీరింగు ఆయిలుకు విడిగా డబ్బా వుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. కొన్ని ట్రాక్టర్లలో బానెట్టు కింద చిన్న డబ్బా విడిగా వుంటుంది. కొన్నిటిలో విడి డబ్బా వుండదు. వెనక గేరు పెట్టెలో వున్న ఆయిలే లిఫ్టుకూ, స్టీరింగుకూ కూడా పోతుంది. అలాంటి వాటిలో స్టీరింగు ఆయిలు ఒక్కటే మార్చటమనేది లేదు. పదుల లీటర్ల ఆయిలు మొత్తం మార్చాల్సిందే, ఫిల్టరు కూడా. పాత మెకానికల్ స్టీరింగు బండ్ల సంగతి వేరే. వాటికి పెట్టెలో గేరు ఆయిలు మట్టం చూసుకుంటే చాలు.

రెండో ప్రశ్న ఏ ఆయిలు అన్నది. దీనికి ఊరందరికీ పనికొచ్చే ఒకే జవాబు లేదు. కొన్ని కంపెనీలు ఏ.టి.ఎఫ్. అనే ఎర్ర ఆయిలు పోయమంటాయి, కొన్ని హైడ్రాలిక్ ఆయిలు, కొన్ని గేరు పెట్టెకు పోసే ఆయిలే దీనికీ పోయమంటాయి. బండితో యిచ్చిన పుస్తకంలో వుంటుంది. రంగు చూసి నిర్ణయించవద్దు. రంగు కలిపేవాడి యిష్టం. ఎట్టి పరిస్థితిలోనూ బ్రేకు ఆయిలు పోయకూడదు, సీళ్ళు వుబ్బి పాడైపోతాయి. పీపాలోంచి కొలిచే లూజు ఆయిలు ఎంత చవకైనా ముట్టుకోవద్దు. సీలు వేసిన డబ్బా కొనండి, రసీదు తీసుకోండి.

పెరట్లో పని

మర్నాడు ఆ కౌలు రైతు అన్నగారి యింటి దగ్గర, అదే రకం బండికి, మేస్త్రి చేయించగా మేము కూడా చేతులకు మసి పూసుకున్నాం. కనుక చూసిందే రాస్తున్నాం.

ముందు బండిని పది నిమిషాలు నడిపి, స్టీరింగు నాలుగుసార్లు అటూ యిటూ తిప్పించాడు, అడుగున పేరుకున్న మడ్డి ఆయిలులో కలిసి బయటికి వస్తుందని. తర్వాత చదునైన గట్టి నేలమీద పెట్టి, ఇంజను ఆపి, గేరు న్యూట్రల్‌లో వుంచి, బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా దుంగలు అడ్డం పెట్టాం. ముందు యిరుసును జాకీతో ఎత్తాం. ఇక్కడ తొందరపడ్డారంటే ప్రాణం మీదికి వస్తుంది. ట్రాక్టరు ముందు యిరుసు నడిమి పిన్ను మీద ఉయ్యాలలాగా వూగుతుంది. కనుక ఎత్తేముందు యిరుసుకూ ఛాసిస్‌కూ మధ్య రెండువైపులా చెక్క ముక్కలు బిగించాలి. ఎత్తిన తర్వాత జాకీని నమ్ముకోకుండా కింద గట్టి మొద్దులు పెట్టాలి. ఇటుకలు పెట్టొద్దు, పగులుతాయి. పిల్లల్ని దూరంగా వుంచాలి.

డబ్బా మూత తీయబోతుంటే మేస్త్రి అరిచాడు: "ముందు తుడవరా! పైన మట్టి లోపల పడితే నువ్వు చేసే పనంతా దండగ." డబ్బా చుట్టూ డీజిలు గుడ్డతో శుభ్రంగా తుడిచిన తర్వాతనే మూత తీశాం. పాత ఆయిలును పశువుల డాక్టరు వాడే పెద్ద సిరంజికి సెలైను గొట్టం తగిలించి లాగేశాం. ఫిల్టరు తీశాం. కాగితపు ఫిల్టరయితే కొత్తది వేయాలి, జాలీ ఫిల్టరయితే డీజిలుతో కడిగి బాగా ఆరబెట్టి వేయవచ్చు. కడగటం బయటనే. లోపల శుభ్రమవుతుందని డీజిలో కిరసనాయిలో పోసి నడిపితే పంపుకు జిడ్డు అందక అరిగిపోతుంది.

డబ్బాలోది తీసినా గొట్టాల్లో, సిలిండర్లో పాత ఆయిలు యింకా మిగిలే వుంటుంది. దాన్ని కక్కించాలి. డబ్బాకు క్లిప్పులు బిగించిన గొట్టాలు రెండు వుంటాయి. అడుగు నుంచి పంపుకు పోయే లావు గొట్టం ఆయిలు లాగేది, దాని జోలికి పోవద్దు. స్టీరింగు కింద నుంచి డబ్బాకు వచ్చేది తిరుగు గొట్టం. ఆ క్లిప్పు వదులు చేసి, గొట్టం చివర ఖాళీ నీళ్ళ సీసాలో పెట్టి, డబ్బాకు ఏర్పడిన రంధ్రాన్ని బిరడాతో మూశాం. నట్లతో బిగించి వున్నది ఒత్తిడి గొట్టం, దాన్ని విప్పనే వద్దు.

కార్లకయితే ఇంజను ఆపి, చక్రాలు ఎత్తి, స్టీరింగు ఆ కొసనుంచి యీ కొసకు తిప్పుతూ పాత ఆయిలు కక్కిస్తారు. ట్రాక్టరుకు అది సరిపోదు. ఇందాక చెప్పిన యూనిట్టు, ఇంజను ఆగివున్నప్పుడు, వదిలిన పాత ఆయిలునే మళ్ళీ తనలోకి పీల్చుకుంటుంది. డబ్బాలో కొత్తది పోసినా అది లోపలికి పోదు. అందుకని పంపు తిరగాలి, ఇంజను మాత్రం అందుకోకూడదు. స్టాప్ నాబ్ లాగి పట్టుకుని సెల్ఫ్ అయిదారు సెకన్లు కొట్టటం, ఆపటం, కాసేపు వుండి మళ్ళీ కొట్టటం. వరసగా కొడితే సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ దిగుతుంది. ఒకరు సీటు మీద సెల్ఫ్ కొడుతూ స్టీరింగు మెల్లగా తిప్పుతుంటే, రెండోవారు డబ్బా ఖాళీ కాకుండా కొత్త ఆయిలు పోస్తూ వుండాలి. డబ్బా ఒక్కసారి ఖాళీ అయిందా, పంపు గాలి పీలుస్తుంది. చక్రాల దగ్గర చేతులు పెట్టవద్దు. సీసాలోకి మొదట మడ్డి వచ్చింది, తర్వాత మురికి రంగు, ఆరేడు విడతలకు కొత్త ఆయిలు రంగే వచ్చింది. కౌలు రైతు ఆ సీసాను ఎండకు పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

స్టాప్ నాబ్ లేని బండ్లున్నాయి. 2023 జనవరి నుంచి 50 హార్సుపవరు దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు మారిన తర్వాత వచ్చిన బండ్లలో చాలావాటి ఇంజనును ఎలక్ట్రానిక్ పెట్టె నడుపుతుంది. వాటికి, అలాగే గొట్టం వూడదీయటానికి జంకేవారికి, తేలిక దారి ఒకటి వుంది. డబ్బాలోది మాత్రం లాగేసి కొత్తది పోసి, రెండు రోజులు పని చేయించి, మళ్ళీ లాగి మళ్ళీ పోయటం. మొత్తం ఆయిలులో సగం డబ్బాలో వుంటుందనుకుంటే, మూడుసార్లు చేసేసరికి పాతది ఎనిమిదో వంతు మిగులుతుంది. ఆయిలు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, ప్రమాదం మాత్రం తక్కువ.

తిరుగు గొట్టం కొత్త క్లిప్పుతో బిగించి, గుర్తుదాకా ఆయిలు పోసి, చక్రాలు పైకి వుండగానే ఇంజను స్టార్టు చేసి నెమ్మది మీద వుంచాం. స్టీరింగు ఆ చివరి నుంచి యీ చివరికి పది పదిహేనుసార్లు మెల్లగా తిప్పితే లోపలి గాలి డబ్బాలోకి బుడగలుగా వస్తుంది. చివరి దాకా తిప్పి అక్కడే పట్టుకుని కూర్చోకూడదు, ఆయిలు వేడెక్కుతుంది, పంపు కీచుమంటుంది. నురగ కట్టితే ఇంజను ఆపి అరగంట ఆగి, మట్టం చూసి, తగ్గింది పోసి మళ్ళీ తిప్పాలి. మాకు రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

ఎక్కడైనా కారుతున్నదేమో చూడటానికి చేత్తో తడమవద్దు. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చే ఆయిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాటులాగా కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట వుండకపోవచ్చు. గంటల్లో వేలు కుళ్ళటం మొదలౌతుంది. అలా జరిగితే పసుపు అద్ది వూరుకోకుండా వెంటనే ఆపరేషను చేయగల ఆసుపత్రికి పోవాలి. అట్టముక్క అడ్డంపెట్టి చూడండి, తడి దానిమీద పడుతుంది.

మన చేయి ఎక్కడ ఆపుకోవాలో కూడా చెప్పాలి. పంపు విప్పటం, ఆర్బిట్రాల్ విప్పటం, ఒత్తిడి వాల్వు స్క్రూ తిప్పటం యింట్లో చేసే పనులు కావు. గ్యారంటీ గడువులో వున్న బండి అయితే ముందు పుస్తకం చదువుకుని ముట్టుకోండి.

పుస్తకం అంటే గుర్తొచ్చింది. ఆ యింట్లో బండి తాలూకు పుస్తకం బీరువాలో భద్రంగానే వుంది. అది ఇంగ్లీషులో వుంది. ఏ ఆయిలు, ఎన్ని లీటర్లు, ఎన్ని మీటరు గంటలకు మార్చాలి అన్నవన్నీ దాంట్లో వున్నాయి. అన్న కొడుకు, పదో తరగతి పిల్లవాడు, కూడబలుక్కుని చదివి చెప్పాడు. ఈ కాస్త సమాచారం ట్రాక్టరు మడ్‌గార్డు మీద తెలుగులో అతికిస్తే కంపెనీకి ఎంత ఖర్చవుతుంది? కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో 'మరమ్మతు హక్కు' మీద కమిటీ వేసి, అందులో వ్యవసాయ యంత్రాలను కూడా చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. 2024 జనవరి నుంచి అక్కడ ట్రాక్టరు కంపెనీలు మరమ్మతు పుస్తకాలూ, పనిముట్లూ, విడిభాగాలూ రైతుకు అందుబాటులో వుంచాలి. వందలాది ఎకరాలు సాగు చేసే అక్కడి రైతే షెడ్డు మీద ఆధారపడి చేతకాక చట్టం అడిగాడంటే, అయిదెకరాల కౌలు రైతు సంగతి ఏమిటి? 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి, విడిభాగాల మీద 18 నుంచి 5కు తగ్గించారు, మంచిదే. దానిలో ఏడాదికేడాది పోయక తప్పని ఆయిలుకు మాత్రం ఆ తగ్గింపు రాలేదు.

తీసిన పాత ఆయిలును ఏం చేయాలన్నది మిగిలింది. అన్నగారు అలవాటుగా దాన్ని పెరటి వెనక బోదెలో వంపబోయారు. వాళ్ళావిడ గిన్నెలు తోముతున్నది ఆపి, "అయ్యో, రేపు ఆ నీళ్ళే గదా గేదెలు తాగేది!" అని గద్దించింది. వాడిన ఆయిలు 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. క్యానులో పోసి మూత బిగించి, పిల్లలకు అందకుండా వుంచి, లైసెన్సుతో పాత ఆయిలు సేకరించేవారికి యివ్వాలి. వండే పొయ్యిలో వేయకూడదు, పశువుల పుండ్లకు రాయకూడదు.

సాయంత్రం అన్నగారి బండి దమ్ము చక్రాలు తొడిగించుకుని చేలోకి పోయింది. పోయేముందు కౌలు రైతు తెల్ల పెయింటు తెచ్చి, ఆయిలు డబ్బా మీద తేదీ, మీటరు గంటలు, ఆయిలు పేరు రాయించాడు. తన బండికి పంపు తొమ్మిదో రోజున వచ్చింది. యూనిట్టు బాగానే వుందని మేస్త్రి తేల్చటంతో ఆ ఖర్చు తప్పింది. కానీ అప్పటికి ఒప్పుకున్న యిరవై ఎకరాలూ వేరే బండ్లు దున్నేశాయి. సొంత అయిదెకరాలకు అన్న బండి వచ్చేటప్పటికి నారు ముదిరి, నాట్ల ముఠా అవతలి ఊరికి పోయి వుంది.